ఎర్రదారం కట్టని బొంత

“సూది విరిగి లోపలే ఉండిపోతే?” అంది పెద్దమ్మ.

అప్పటికి సూదిలో దారమైనా ఎక్కలేదు. గుడ్డల మడతలు విప్పలేదు, కిటికీ రెక్కలు తెరవలేదు. కూతురు మెట్లెక్కి వచ్చి కార్ఖానా తాళం తీసిందంతే, తాళంచెవి ఇంకా చేతిలోనే ఉంది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు జనం సంతోషానికి తొందరపడతారు. పెద్దమ్మ కష్టానికి తొందరపడుతుంది. వచ్చే కష్టం ఎలాగూ వస్తుంది, ముందే పిలిచి కుర్చీ వేసి కూర్చోబెడితే ఉలిక్కిపడే బాధైనా తప్పుతుందని ఆవిడ లెక్క.

“ఏ సూదమ్మా?” అంది కూతురు.

“ఏదైనా సూదే. ఇవాళే విరగాలని దానికి బుద్ధి పుడితే?”

కూతురు వెళ్లి కిటికీలు తెరిచింది.

ఆ మేడమీద గదిలో పసిపిల్లలకి కప్పే బొంతలు కుడతారు. పైన మెత్తటి పువ్వుల గుడ్డ, అడుగున తెల్లటి నూలుగుడ్డ, మధ్యలో పలచటి దూదిపొర. మూడింటినీ కలిపి ముందు కచ్చాకుట్టు వేస్తారు, తర్వాత మెషిను మీద గళ్లు గళ్లుగా కుడతారు, అంచుకి పట్టీ తిప్పుతారు. చివరికి నాలుగు మూలలూ చేత్తో మడిచి కుట్టడం ఒక్క మనిషి పని. ఆవిడని అందుకే మూలల పిన్ని అంటారు. ఆవిడ చెయ్యి ఎంత నెమ్మదో నోరు అంత చురుకు. అన్నీ అయ్యాక బొంత కిటికీ పక్క బల్ల మీదికి వస్తుంది. ఆ బల్ల పెద్దమ్మది.

పెద్దమ్మ బొంతను కళ్లతో చూడదు. కళ్లు మోసపోతాయంటుంది. గాజులు పైకి తోసి, ముంజేతి లోపలివైపు బొంతమీద ఈ చివరినుంచి ఆ చివరికి పాకిస్తుంది. తర్వాత వంగి చెంప ఆనిస్తుంది. పసివాడి వీపుకి గుచ్చుకునేదేదైనా ఉంటే ముందు తన చెంపకి గుచ్చుకోవాలని. ముడి తగిలినా, దూది ఉండకట్టినా, కుట్టు వదులైనా, అక్కడొక ఎర్రదారం ముడివేసి కుట్టినవాళ్లకే తిప్పి పంపుతుంది. ఏమీ తగలకపోతే మడతపెట్టి బుట్టలో వేస్తుంది. బాగుంది అనదు, ఫరవాలేదు అనదు, తలైనా ఊపదు. పెద్దమ్మ నోరు మెదపలేదంటే పాసైనట్టే అన్నది ఆ గదిలో చట్టం. కొత్తగా చేరినవాళ్లు ఆ మౌనానికి మొదట్లో బిక్కచచ్చిపోతారు. తర్వాత తర్వాత దానికోసమే ఒళ్లు దగ్గరపెట్టుకుని కుడతారు.

ఎందుకు అనదంటే, పిల్లాడు హాయిగా నిద్రపోతున్నాడని పైకి అనగానే లేచి కూర్చోని పిల్లాడు ఈ భూమ్మీద లేడు. పాలు ఇంకా పొంగలేదులే అనగానే పొంగుతాయి. మంచి అన్నది పిట్టలాంటిది, పేరుపెట్టి పిలిస్తే ఎగిరిపోతుంది. పైగా బాగుందని నోటితో అన్నాక దానికి పూచీ ఎవరిది? రేపు ఎక్కడో ఏ పసివాడికో ఏదో గుచ్చుకుంటే, బాగుందన్న నోరు ఎవరిది? అందుకని తప్పుంటే చెప్పడం, లేకపోతే ఊరుకోవడం. బొంతల విషయంలో ఎలాగో కూతురి విషయంలోనూ అలాగే. కూతురి చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో చీవాట్లకి మాటలున్నాయి, మెప్పుకి లేవు.

ఆ రోజు వచ్చేది సముద్రాల అవతల పిల్లల పక్కబట్టలు అమ్మే ఒక కంపెనీ మనిషి. కూతురు పంపిన నమూనాలు వాళ్లకి నచ్చాయట. పని చూసి నిర్ణయిస్తామన్నారు. వచ్చినావిడ సరే అంటే ఏడాది పొడుగునా అందరికీ చేతినిండా పని. కాదంటే గది ఖాళీ చేసి, మెషిన్లు ఎవరికైనా ఇచ్చేసి, కార్ఖానా కోసం మానేసిన పాత ఉద్యోగానికే వెళ్లి తలుపు తడతానని కూతురు చెప్పేసింది. చెప్పేటప్పుడు నవ్వుతూనే చెప్పింది గానీ, ఆ నవ్వులో కుట్టు వదులైందని పెద్దమ్మకి చెంప ఆనించకుండానే తెలిసింది.

వచ్చినావిడ ఏమడిగినా నాలుగు మంచిమాటలు చెప్పమని కూతురు ముందురోజు నుంచీ బతిమాలుతోంది. ఉన్నమాటే చెప్తాను, లేనిపోనివి నాకు చేతకావని పెద్దమ్మ.

“ఉన్నమాటే మంచిమాట అవ్వొచ్చు కదమ్మా” అంది కూతురు.

పెద్దమ్మ వినిపించుకోలేదు. ఆవిడ ప్రాణం అప్పటికే మెట్లమీద ఉంది. ఆ వచ్చే మహాతల్లి జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే?

ఆ మహాతల్లి జారిపడలేదు. గుమ్మానికి తల తగలకుండా వంగి లోపలికి వచ్చింది. అంత ఎత్తు. మూలల పిన్ని అక్కడికక్కడే పొడుగమ్మ అని పేరు పెట్టేసింది. వెనకాల ఇస్త్రీ నలగని చొక్కాతో నడివయసు మనిషి ఒకాయన. ఆవిడ మాట మనకీ మన మాట ఆవిడకీ చెప్పడం ఆయన ఉద్యోగం. ఒక్క మాట ఎక్కువ కానివ్వను, ఒక్క మాట తక్కువ కానివ్వనని వస్తూనే చెప్పుకున్నాడు. ఆయన దుబాసీ అయ్యాడు.

పొడుగమ్మ వచ్చీ రాగానే పొగడడం మొదలుపెట్టింది. మెట్లు ఎంతో బాగున్నాయంది. మూడో మెట్టు ఊగుతుందని తెలిసిన వాళ్లందరూ మొహాలు చూసుకున్నారు. వెలుతురు అద్భుతం అంది. మంచినీళ్లిస్తే గ్లాసు అద్భుతం అంది. మెషిన్ల చప్పుడు కూడా ఎంతో బాగుందట. దుబాసీ గుక్కతిప్పుకోకుండా ఒక్కొక్క మెప్పునీ తెచ్చి వాళ్ల ముందు పెడుతున్నాడు.

“అక్కా, మన చీపురుని కూడా మెచ్చుకుంది. పోయేటప్పుడు పట్టుకుపోతుందేమో ఓ కన్నేసి ఉంచు” అని గొణిగింది పిన్ని.

పెద్దమ్మకి నవ్వు రాలేదు. ఊగే మెట్టునీ, వంకరబోయిన గ్లాసునీ మెచ్చుకునే మనిషి రేపు బొంతని మెచ్చుకుంటే దానికి విలువేముంది? లేక మనల్ని ఎగతాళి చేస్తోందా? మరీ పొగిడేవాళ్ల కొంగు కింద ఏదో ఒకటి ఉంటుంది. చల్లకొచ్చి ముంత దాచే రకం కాదు గదా. పెద్దమ్మ కళ్లు పొడుగమ్మ చేతిసంచీ మీదే ఉన్నాయి.

అంతలో పొడుగమ్మ తిప్పి పంపిన బొంతల గంప దగ్గర ఆగింది. పైన ఉన్నది కొత్తగా చేరిన అమ్మాయి కుట్టింది. తప్పు లేని చోటు వెతుక్కోవాలి, ఒళ్లంతా ఎర్రదారం ముడులే. పొడుగమ్మ దాన్ని రెండు చేతులతో ఎత్తి వెలుతురులో పట్టుకుని, ఇంత అందమైనది తను చూడలేదంది. ఈ ఎర్రచుక్కలు పెట్టాలన్న ఆలోచన ఎవరిదని అడిగింది. అన్నిటికీ ఇలాగే పెట్టగలరా అని కూడా అడిగింది.

కొత్తమ్మాయి మెషిను కిందకి దూరిపోయేలా ఉంది.

“ఆ చుక్కలు పెట్టింది నేనేనమ్మా” అంది పెద్దమ్మ చివరికి. “అది బాగోలేదు.”

దుబాసీ చేరవేశాడు. పొడుగమ్మ నవ్వింది, మీరు చాలా వినయం గలవారంది. పెద్దమ్మకి ఆ మాట అర్థం కాలేదు. బాగోలేనిదాన్ని బాగోలేదనడంలో వినయమేముంది? బాగోలేనిదే ఈవిడకి నచ్చిందంటే మరి బాగున్నవి ఏమవుతాయి? కుడితిలో పడ్డ ఎలుకలా ఆవిడ ఆలోచన ఎటు ఈదినా ఒడ్డు తగల్లేదు.

ఆ తర్వాత పొడుగమ్మ పెద్దమ్మ బల్ల దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంది. పనిని తనిఖీ చేసేది మీరే కదా, మీతోనే మాట్లాడాలంది. మొదటి ప్రశ్న, ఈ పనిలో ఏమేం తప్పులు జరగొచ్చు అని.

పెద్దమ్మ మొహం వికసించింది. ఇన్నేళ్లలో ఆవిడని ఆ ప్రశ్న అడిగినవాళ్లు లేరు. ఆవిడ భయాలు మొదలెట్టగానే లేచిపోయేవాళ్లే గానీ, కుర్చీ వేసుకుని ఇంకా ఇంకా అని అడిగినవాళ్లు ఇదే మొదలు. సూది విరుగుతుందంది. విరిగిన ముక్క దూదిలోకి పోతే మరి దొరకదంది. ఎర్రగుడ్డ రంగు దిగి తెల్లగుడ్డకి అంటుకుంటుంది. దూదిలో గింజ ఉండిపోతుంది. రెండు ఉతుకులకి దూదంతా ఒక మూలకి చేరిపోతుంది. పట్టీ ఊడితే దారం సాగుతుంది, సాగిన దారం పసివాడి వేలికి చుట్టుకుంటుంది. వానాకాలం గోడ చెమ్మకి బొంతలకి వాసన పడుతుంది. ఎలుక కొరుకుతుంది. దుబాసీ నుదురు తుడుచుకుంటూ చేరవేస్తున్నాడు. పొడుగమ్మ వింటూ తన పలకలాంటి కంప్యూటరు మీద వేలితో రాసుకుంటోంది. రాసుకున్నకొద్దీ ఆవిడ మొహంలో నవ్వు మాత్రం అలాగే అతికించినట్టుంది గానీ, కళ్లు నవ్వడం మానేశాయి.

ఆ జాబితాలో ప్రతిదానికీ ఒక రెండో సగం ఉంది. రంగు దిగుతుందని గుడ్డని ముందే ఉడికించి ఉతుకుతారు. సూది విరిగితే ముక్కలన్నీ ఏరి ఒకదానికొకటి ఆనించి చూస్తారు, మొన దొరక్కపోతే ఎంత మంచి బొంతయినా కుట్లు విప్పేస్తారు. గోడకి బొంత తగలకుండా బల్లలన్నీ జానెడు ముందుకి జరిపి ఉంచుతారు. కానీ అది ప్రత్యేకం చెప్పాలా? అన్నం వండాను అన్నవాళ్లు పొయ్యి ఆర్పాను అని కూడా చెప్తారా? అడిగింది తప్పుల గురించి, చెప్పింది తప్పుల గురించి.

పొడుగమ్మ, మీ అమ్మాయి ఈ పనంతా నడపగలదా అని అడిగింది.

గుమ్మం దగ్గర కూతురు నిలబడి ఉంది. బయటివాళ్ల ముందు కన్నబిడ్డని పొగుడుకోవడం పెద్దమ్మకి గొంతులో ముల్లులాంటిది.

“ఏదో తంటాలు పడుతోందమ్మా. దానికేం తెలుసు, చిన్నపిల్ల. మీ దేశపు పెద్ద పెద్ద మెషిన్ల ముందు మాదో పనా?” అంది.

ఆ మాటలన్నాక ఏ అతిథైనా ఏమంటారు? అయ్యో అదేమిటండీ, మీ అమ్మాయి బంగారం అంటారు. అప్పుడు కాదు కాదు అని ఇంకోసారి అని, మరో విషయంలోకి వెళ్లిపోతారు. పెద్దమ్మ ఆ అయ్యో కోసం ఎదురుచూసింది. అయ్యో రాలేదు. పొడుగమ్మ అది కూడా రాసుకుంది.

తర్వాత లేచి, అందరికీ దణ్ణాలు పెట్టినంత పనిచేసి, అంతా ఎంతో ఆసక్తికరంగా ఉందని, చాలా నేర్చుకున్నానని, తమవాళ్లతో మాట్లాడి ఆలోచిస్తామని చెప్పింది. ఫోను చేసుకుంటానని కిందకి దిగింది. మూడో మెట్టు ఊగిన చప్పుడు వినిపించింది. ఆవిడ సంచీ తేవడానికని దుబాసీ పైనే ఆగాడు.

“ఇంకేం అక్కా, అంతా బాగుందనేసింది” అంది పిన్ని. గదిలో ఒకరిద్దరు చప్పట్లు కూడా కొట్టారు. పెద్దమ్మకి మాత్రం గుండె కుదురుకోలేదు. అంత తేలిగ్గా అయిపోతే ఆ పనిలో ఏదో ఉంది.

కూతురు వచ్చి దూదిమూట మీద కూలబడింది.

“వద్దన్నారమ్మా” అంది.

“ఎప్పుడన్నారే? ఆసక్తి అందిగా. అద్భుతం అందిగా.”

ఆసక్తికరం అంటే వాళ్ల దగ్గర అక్కర్లేదని, ఆలోచిస్తామంటే ఆలోచన అయిపోయిందని కూతురు చెప్పింది. పొగిడినవన్నీ కొంటారనుకోకు, వాళ్లకి పొగడ్త మనం బాగున్నారా అని పలకరించినట్టు అంది. మెట్ల సంగతి పెద్దమ్మకి అప్పుడు కాస్త అర్థమైనట్టే ఉంది, అంతలోనే కాలేదు. బాగున్నదాన్ని బాగుందనీ బాగోనిదాన్ని బాగుందనీ అంటే, ఆ దేశంలో మనుషులకి తేడా ఎలా తెలుస్తుంది?

మూలల పిన్ని తిన్నగా దుబాసీ మీదికి వెళ్లింది. అక్క చెప్పినవి భయాలయ్యా, జరిగినవి కావు, ఆ సంగతి ఆవిడకి చెప్పలేదా అని నిలదీసింది. ఆయన నొచ్చుకున్నాడు. అన్న మాట అన్నట్టు చెప్పానమ్మా, అనని మాట చెప్పడం నా ఉద్యోగం కాదన్నాడు.

“మాటలు బాగానే మోసుకెళ్తారు గానీ, అర్థాన్ని గుమ్మం దగ్గరే దింపేస్తున్నారు దుబాసీగారూ. మా దగ్గర అననిదే అసలు మాట” అంది పిన్ని.

ఆయన సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

పెద్దమ్మ వచ్చి కూతురి పక్కన నిలబడింది. దూదికి చెమ్మ తగులుతుంది లేవే అంది. కూతురు లేవలేదు. తల ఎత్తకుండానే మాట్లాడింది.

“ఆవిడ తప్పేం లేదమ్మా. తనిఖీ చేసే మనిషి బాగోలేదంటోంది, కన్నతల్లి చేతకాదంటోంది. ఆవిడ నమ్మింది. నేనైనా అదే నమ్ముతూ వచ్చాగా.”

“ఏం నమ్మావు?”

“నా కుట్టు నీకు నచ్చదని.”

పెద్దమ్మ నిర్ఘాంతపోయింది. ఆవిడ ఎన్ని భయాలు పడినా ఈ భయం ఎప్పుడూ పడలేదు. సూదుల్లోనూ మెట్లలోనూ వెతికింది గానీ, కష్టం ఇంట్లో తన కంచం పక్కనే కూర్చుని అన్నం తింటోందని ఎరగదు.

“నీ బొంతకి నేనెప్పుడైనా ఎర్రదారం కట్టానా?” అంది.

కూతురు ఆలోచించింది. “మొదట్లో కట్టావు.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత ఏమీ అనలేదు.”

“ఏమీ అనలేదు కదా” అంది పెద్దమ్మ, తేలిపోయిన లెక్కని మళ్లీ అడుగుతావేమన్నట్టు. “అనకపోవడమేనే అనడం.”

కూతురు తల్లి మొహంలోకి చూసింది. పనివాళ్లందరికీ ఆ చట్టం వర్తిస్తుందని ఆ అమ్మాయికి తెలుసు. కొత్తవాళ్లకి నవ్వుతూ చెప్పేది కూడా తనే. అది తనకీ వర్తిస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. తల్లి మౌనం వేరు, బల్ల దగ్గరి మౌనం వేరు అనుకుంది. కళ్లు తుడుచుకుని లేచి, దుబాసీని రండి అని గబగబా మెట్లు దిగింది.

కింద ఏం మాట్లాడుకున్నారో పైవాళ్లకి తెలియలేదు. కిటికీలోంచి చూస్తే పొడుగమ్మ వంగి వినడం, కూతురు చేతులు తిప్పుతూ చెప్పడం, దుబాసీ మధ్యలో అటూ ఇటూ తల తిప్పడం కనిపించాయి. పొడుగమ్మ తల అడ్డంగా ఊపింది. మళ్లీ నిలువుగా ఊపింది. తల రెండు చేతులతో పట్టుకుంది.

“అక్కా, ఆవిడకి తలనొప్పి పట్టుకుంది” అంది పిన్ని.

పట్టుకోకేం చేస్తుంది, అయిపోయింది అంతా అని పెద్దమ్మ తన బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. మెషిన్లు ఎవరికిస్తారు? పిన్నికి మరెక్కడ పని దొరుకుతుంది? మూలలు చేత్తో కుట్టేవాళ్లు ఎవరికి కావాలి ఈ రోజుల్లో?

పొడుగమ్మ మళ్లీ పైకి వచ్చింది. ఈసారి మెట్లని మెచ్చుకోలేదు. మూడో మెట్టు దగ్గర గోడ పట్టుకుని వచ్చింది. ఆ సంగతి పెద్దమ్మ గమనించింది, ఎందుకో అది ఆవిడకి నచ్చింది.

పొడుగమ్మ చెప్పింది దుబాసీ ఈసారి ఆగి ఆగి, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆలోచించుకుంటూ చెప్పాడు. తనకి ఏమీ అర్థం కాలేదని ఆవిడ అంది. చేత్తో పట్టుకుంటే బొంతలు బాగున్నాయి, చెవితో వింటే అన్నీ తప్పులే. ఏది నమ్మాలి? తమ దేశంలో ఎవరైనా మాట్లాడకుండా ఊరుకుంటే కోపమొచ్చిందనో, ఏదో దాస్తున్నారనో అనుకుంటారు. అందుకే ఖాళీగా ఉన్న నిమిషాన్ని ఏదో ఒక మంచిమాటతో నింపేస్తారు. మెట్ల సంగతి కూడా అంతేనని ఒప్పుకుంది.

“మౌనం అర్ధాంగీకారం అంటారమ్మా. మా అక్కది పూర్తి అంగీకారం” అంది పిన్ని, కల్పించుకుని.

దుబాసీ చెప్పాడు. పొడుగమ్మ విని, అర్ధం అంటే సగమే కదా, మిగతా సగం ఎవరి దగ్గర ఉందని అడిగింది. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగింది.

తర్వాత బుట్టలోంచి ఒక బొంత తీసి పెద్దమ్మ బల్ల మీద పరిచింది. దాన్ని కుట్టింది ఎవరని అడిగితే కూతురు తనే అంది. లేతపచ్చ మీద తెల్లచుక్కల గుడ్డ, గళ్ల కుట్టు. ఎర్రదారం ఎక్కడా లేదు.

పసిపిల్లల మీద కప్పే వస్తువుకి తను సంతకం పెట్టాలని పొడుగమ్మ చెప్పింది. ఏదైనా జరిగితే తనని అడుగుతారు, ఎవరూ ఏమీ అనలేదండీ అందుకని బాగుందనుకున్నానండీ అని చెప్పడం తన వల్ల కాదు. ఇక్కడి పద్ధతి తప్పని అనడం లేదు, దాన్ని తన దేశానికి మూటకట్టి తీసుకెళ్లడం కుదరదంతే. తనిఖీ చేసే మనిషి నోటితో అవునంటే, ఇవాళే, ఈ బల్ల మీదే ఒప్పందం రాస్తుంది. కాదంటే దణ్ణం పెట్టి వెళ్లిపోతుంది.

“ఈ బొంత బాగుందా? మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే కప్పుతారా?”

దుబాసీ ఆ రెండు ప్రశ్నలనీ చాలా మెల్లగా, తన సొంతవి అయినట్టు అడిగాడు.

పెద్దమ్మ ఏమీ అనలేదు.

మెషిన్లు ఒక్కొక్కటే ఆగాయి. పెద్దమ్మ నోరు మెదపకపోవడం చూసి గదిలో వాళ్లందరి మొహాలూ విచ్చుకున్నాయి. పిన్ని సూది దిండుకి గుచ్చి, హమ్మయ్య అని వెనక్కి వాలింది. కొత్తమ్మాయి కూడా నవ్వింది. పాసైపోయింది కదా, ఇంకేం కావాలి? అదే నిశ్శబ్దం పొడుగమ్మ దాకా వెళ్లేసరికి మరొకటైపోయింది. ఆవిడ మొహం నిమిష నిమిషానికీ వాడిపోతోంది. మంచిమాట ఏదో నోటిదాకా వచ్చినట్టుంది, పెదవి కొరుక్కుని బలవంతాన ఆపుకుంది. కూతురు అటు చూసింది, ఇటు చూసింది. ఇద్దరిలో ఎవరి మౌనాన్ని నమ్మాలో ఆ పిల్లకి తోచలేదు.

పెద్దమ్మ గాజులు పైకి తోసుకుంది. పొద్దున ఒకసారి చూసిన బొంతే, మళ్లీ ముంజేతిని ఈ చివరినుంచి ఆ చివరికి పాకించింది. వంగి చెంప ఆనించింది. చల్లగా, మెత్తగా ఉంది. ఏమీ గుచ్చుకోలేదు. గుచ్చుకుంటే బాగుండునని కూడా ఒక్క క్షణం అనిపించింది. అప్పుడు చెప్పడానికి మాటలుంటాయి. తప్పుకి ఎన్ని మాటలైనా ఉన్నాయి ఆవిడ దగ్గర.

చెంప అలాగే ఉంచి ఆలోచించింది. బాగుందంటే? అన్న మరుక్షణం ఏ కుట్టో ఊడితే? అన్నందుకే, ఎక్కడో పేరు తెలియని దేశంలో ఏ తల్లో తన బిడ్డ మీద ఇది కప్పి, బల్ల దగ్గర ఒకావిడ బాగుందందట అని నిశ్చింతగా నిద్రపోతే? ఆ తల్లి నిద్ర తన మెడకి చుట్టుకోదా? అనకపోతే? అనకపోతే కూతురు నవ్వుతూ తాళం వేస్తుంది. నా కుట్టు మా అమ్మకి నచ్చదు అన్న మాటని పాత ఉద్యోగానికి మోసుకెళ్తుంది. ముసలిదయ్యేదాకా మోస్తుంది. అటు చూస్తే నుయ్యి, ఇటు చూస్తే గొయ్యి. ఇంత భయపడ్డ మనిషికి ఏ భయం పెద్దదో తేల్చుకోవడం చేతకాలేదు. ఇన్నేళ్లూ అన్నీ వరసగా ఒకే ఎత్తున పేర్చుకుంటూ వచ్చింది.

కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చెయ్యబోయి, అది పలక్కపోతే మళ్లీ తంటాలు పడుతున్నారు. దుబాసీ గొంతు సవరించుకోబోయి మానేశాడు. పొడుగమ్మ సంచీ భుజానికి తగిలించుకుంది. వెళ్లడానికో, ఊరికేనో తెలియదు. కూతురు ముందుకొచ్చి బొంత మడతపెట్టడానికి చెయ్యి చాపింది. ఆ వేళ్ల చివర సూది పోట్ల మచ్చలు.

పెద్దమ్మ ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసి ఆపింది. తల ఎత్తింది. పొడుగమ్మని చూడలేదు, దుబాసీని చూడలేదు.

“బాగుంది” అంది కూతురితో. “మన బిడ్డకైనా కప్పుతాను. ఇవాళ్టికి బాగుందే. రేపటిది రేపు చూసి చెప్తాను.”